అర స్వరం ఎక్కువ

టేపు తిరగడం మొదలైన నాలుగో సెకనుకే నాకు తెలిసిపోయింది, ఇందులో ఏదో మోసం ఉందని.

మొదట రావాల్సినవి చెల్లోలు, ఆ పెద్ద వయొలిన్లు. అడుగునుంచి, చాలా మెల్లగా, డి ఫ్లాట్ మేజర్‌లో. వచ్చింది మాత్రం డి మేజర్. సరిగ్గా అర స్వరం ఎక్కువ. పియానో మీద చూస్తే పక్కపక్కనున్న రెండు మెట్లు, అంతే. ఆ మాత్రం దానికి ఇంత రాద్ధాంతమా అని మీకనిపించవచ్చు. సాయంత్రం మీరు ఇంటికెళ్లి తలుపు తీస్తే సామానంతా ఎక్కడిదక్కడే ఉండి, గోడల రంగు మాత్రం మారిపోయి ఉందనుకోండి. చెప్పులు విప్పి కూర్చుంటారా, ముందు ఎవరు వచ్చి వెళ్లారని అడుగుతారా? నేను అడిగే రకం.

నేను రేడియో స్టేషన్‌లో పాత రికార్డింగుల గదిలో పనిచేస్తాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే గది. అల్మరాల్లోంచి ఒక్కో టేపూ వస్తుంది. వింటాను. అరచేయంత కార్డు మీద మూడు గళ్లు నింపుతాను. వేగం, శ్రుతి, భావం. వేగం గడిలో ఎంత నిదానమో, ఎన్ని నిమిషాలో రాయాలి. శ్రుతి గడిలో ఏ స్వరం మీద నిలబడిందో రాయాలి. భావం గడిలో ఒకే ఒక్క మాట రాయాలి. రెండో మాట రాస్తే అది కవిత్వం, మా గదిలో కవిత్వానికి చోటు లేదు.

ఇంకో ఆచారం కూడా ఉంది. వినేవాడు పెట్టె చూడకూడదు. ఒక పెట్టెలో ఇంకో టేపు దూరిపోయిన సందర్భాలు మా దగ్గర కోకొల్లలు కాబట్టి, వినేవాడికి నంబరు తప్ప ఏమీ చెప్పరు. అతను చెవిని నమ్ముకుని పెన్సిల్‌తో రాస్తాడు. తర్వాత సరిచూసేవాడు పెట్టెలోని కాగితంతో పోల్చి, తప్పుంటే ఎర్ర సిరాతో దిద్దుతాడు. సరిచూసే ఉద్యోగాన్ని మూడేళ్ల క్రితం ఎత్తేశారు. నాకేం బాధ కలగలేదు. నన్ను దిద్దేవాడు ఇంకా పుట్టలేదని అప్పటికే నా అభిప్రాయం. స్టేషన్‌లో అందరూ నన్ను చెవిగారు అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు. తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు, ఎందుకు కాదంటాను? ఏ స్వరం వినిపించినా పేరు పెట్టి పిలవగల మనిషి ఆ భవనంలో నేనొక్కడినే.

ఇక ఆ టేపు సంగతి. మా స్టేషన్ సొంత ఆర్కెస్ట్రా నలభై ఏళ్ల కిందట వాయించిన సింఫనీలో రెండో భాగం అది. ఉద్యోగం కోసం వచ్చినరోజు నాకు పరీక్ష పెట్టింది దానితోనే. అప్పట్లో ఈ గదికి పెద్దాయన ఒకరు ఉండేవారు. టేపు వేసి, కళ్లు మూసుకుని, మూడు గళ్లూ చెప్పమన్నారు. "చాలా నిదానం, డి ఫ్లాట్ మేజర్, ప్రశాంతం" అన్నాను. ఆయన కళ్లు తెరవకుండానే, "రేపు తొమ్మిదికి రావయ్యా" అన్నారు. నా జీవితంలో అంతకన్నా మంచి మాట మా ఆవిడ కూడా అనలేదు.

అలాంటి టేపుని డి మేజర్‌లో వినిపిస్తే నాకు తెలియదనుకున్నారా?

అర స్వరం పెరిగిందంటే కారణం ఒకటే, టేపు వేగంగా తిరగాలి. టేపు తొందరపడితే శ్రుతి పైకి పోతుంది. టేపు తిప్పేది మా గదిలో ఒకరే. ఆవిడని అందరూ టేపులమ్మ అంటారు. నలభై అయిదేళ్లుంటాయి. దళసరి కళ్లద్దాలు, జేబులో ఎప్పుడూ దూదిపుల్లలు. పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మూడేళ్ల కిందట కాంట్రాక్టు మీద వచ్చింది. ఏడాదికోసారి పొడిగిస్తారు. ఆవిడ మాట తక్కువ. మాట తక్కువైనవాళ్ల మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

హెడ్‌ఫోన్ తీసి, ఆవిడ యంత్రాల గది గాజు తలుపు తట్టాను.

"వేగం సరిచూశారా?"

"చూశానండి."

"ఎప్పుడు?"

"పొద్దున్నేనండి. రోజూ చూస్తాను." ఆవిడ నా ముఖంలోకి చూడలేదు. దూదిపుల్లతో యంత్రాన్ని తుడుస్తూ, "ఏమైనా తేడాగా ఉందాండీ?" అంది.

ఆ అడగడంలో ఏదో ఉంది. తెలియక అడిగినట్టు లేదు, ఎంతవరకూ పసిగట్టానో కనుక్కోవడానికి అడిగినట్టుంది. "ఏం లేదు" అన్నాను. నాకూ వచ్చు ఆ విద్య. ఆవిడ అల్మరా తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది. అంతకు ముందు ఆ అల్మరాకి తాళం వేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి వెళ్లి బెల్లు కొట్టాను. బెల్లు వినగానే ఒళ్లు మండింది.

"మళ్లీ మార్చాడా మీ తమ్ముడు?" అన్నాను మా ఆవిడ తలుపు తీయగానే.

మా బామ్మర్ది ఎలక్ట్రీషియన్. రెండేళ్లలో మా బెల్లు రెండుసార్లు మార్చాడు, నేను పోరితేనే. మొదటి బెల్లు జి స్వరంలో మోగేది. ఒకరోజు ఉన్నట్టుండి కాస్త పైకెక్కినట్టనిపించింది. చవకరకం స్ప్రింగు వేశాడని నిలదీశాను. కొత్తది తెచ్చాడు, అదీ అంతే. ఇంకోటి తెచ్చాడు. కంపెనీవాళ్లంతా కలిసి ఒకే నాసిరకం సరుకు చేస్తున్నారని తేల్చుకుని ఊరుకున్నాను.

"బెల్లు బాగానే ఉందండీ. మీకే ఏదీ నచ్చదు" అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు, నీకు ఈల, కుక్కర్ ఒకలాగే వినిపిస్తాయి."

"అందుకే హాయిగా ఉన్నాను."

టీ తాగుతూ టేపులమ్మ సంగతి చెప్పాను. మా ఆవిడ నా మాట పెడచెవిన పెట్టకుండా వింటుంది, అది మెచ్చుకోవాలి. అంతా విని, "టేపు తొందరగా తిప్పితే ఆవిడకేంటి లాభం?" అంది.

"పని త్వరగా అయిపోతుంది."

"ఎంత త్వరగా?"

లెక్కవేశాను. పదకొండు నిమిషాల ఇరవై సెకన్ల సంగీతంలో ముప్పై ఎనిమిది సెకన్లు ఆదా.

"ముప్పై ఎనిమిది సెకన్ల కోసం ఎవరైనా దొంగతనం చేస్తారా అండీ?" అని నవ్వుతూ కప్పులు తీసుకెళ్లింది. నాకు నవ్వు రాలేదు. ఉద్దేశం కనుక్కోవడం తర్వాత సంగతి, ముందు దొంగ దొరకాలి.

మర్నాడు భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కి వెళ్లాక కార్డుల గదిలోకి వెళ్లాను. ఈ మూడేళ్లలో నేను రాసిన కార్డులు పెద్ద పెద్ద సొరుగుల్లో ఉంటాయి. రాసి పంపించాక నేను వాటి ముఖం చూడను. వండినవాడు విస్తరి వెనకాల తిరగడు కదా. అలాంటిది ఆరోజు ఒక సొరుగు లాగి, కిటికీ దగ్గరికి తెచ్చి, ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చూశాను.

ఆరో కార్డు దగ్గర చేయి ఆగిపోయింది. శ్రుతి గడిలో కాగితం కొంచెం గరుగ్గా ఉంది. రబ్బరుతో చెరిపారు. చెరిపినచోట ఎఫ్ మైనర్ అని ఉంది. దాని కింద, పెన్సిల్ నొక్కు తాలూకు నీడలో, ఎఫ్ షార్ప్ మైనర్ అని కనిపించింది. చేతిరాత నాదే. కాదు, నాదిలాగే ఉంది. నేను ఎఫ్ కింది గీతని కొంచెం ఎడమకి వంచుతాను. ఇందులోనూ వంచారు, కాకపోతే మరీ శ్రద్ధగా వంచారు. సొంత చేతిరాతని ఎవరూ అంత శ్రద్ధగా రాయరు.

ఇంకో కార్డు. ఇంకోటి. గంటలో అరవై మూడు దొరికాయి. అన్నిటిలోనూ శ్రుతి గడి ఒక్కటే చెరిపారు. అన్నిటిలోనూ అర స్వరం దించారు. అన్నిటిలోనూ నా చేతిరాతని దింపేశారు. కుర్చీలో కూలబడ్డాను. ముప్పై ఏళ్ల నా పేరులోకి ఎవరో చొరబడి, నాలాగే సంతకం పెట్టి తిరుగుతున్నారు.

నా సిద్ధాంతం అప్పటికప్పుడు తయారైంది. టేపుల్ని ఆవిడ వేగంగా తిప్పుతోంది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను. దొరికిపోకుండా ఆవిడ నా కార్డుల్ని పెట్టెలోని కాగితాలతో సరిపోయేలా మార్చేస్తోంది. ఇన్నాళ్లూ నా చెవిలో పువ్వు పెట్టింది!

నేరుగా డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన వార్తల విభాగం నుంచి వచ్చిన మనిషి. సంగీతం విషయంలో ఆయన నిజాయితీ మెచ్చుకోదగ్గది, ఏమీ తెలియదని ఒప్పుకుంటారు. అరవై మూడు కార్డులు బల్ల మీద పేర్చాను.

"ఇది చాలా పెద్ద ఆరోపణ, చెవిగారూ" అన్నారు ఆయన. "శుక్రవారం ఆవిడ కాంట్రాక్టు పొడిగించాలి. కాగితం ఇదిగో, సంతకానికి రెడీగా ఉంది. మీరు రాసిస్తే మాత్రం నేను సంతకం చేయలేను. ఆవిడ అదేరోజు వెళ్లిపోవాల్సి ఉంటుంది."

"రాసిస్తాను."

"ఆలోచించుకోండి. ఇలాంటి యంత్రాలున్నచోటు ఈ ఊళ్లో ఇదొక్కటే. మనం పంపిస్తే ఆవిడకి ఈ పని ఇంకెక్కడా దొరకదు."

"యంత్రాలకి నిజాయితీపరులు దొరుకుతారు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు చాలా బాగుందనిపించింది. పేజీన్నర రాసిచ్చాను. ఆయన చదివి, పక్కన పెట్టి, "రేపు నా ఎదురుగా ఒకసారి ఆ టేపు వేయించండి. స్టాప్‌వాచ్ పెట్టి చూద్దాం. అది మాత్రం నాకు అర్థమవుతుంది" అన్నారు.

ఇలా చేయడం నాకు కొత్త కాదు. చెప్పకుండా దాచడమెందుకు, నేను ఈ కుర్చీలోకి వచ్చిందే ఇలాంటి ఒక కాగితం మీద. నన్ను చేర్చుకున్న పెద్దాయన చివరి రోజుల్లో కార్డుల్లో తప్పులు రాయడం మొదలుపెట్టారు. అప్పుడు టేపు తిప్పేవాణ్నీ, సరిచూసేవాణ్నీ నేనే. ఒక్క నెలలో నలభై ఒక్క కార్డులు ఎర్ర సిరాతో దిద్దాల్సి వచ్చింది. వయసు మీదపడి శ్రద్ధ తగ్గిందనుకున్నాను. ఆయనకి చెప్తే, "ఏవయ్యా, టేపు తొందరపడుతోంది చూడు" అని తప్పు నా మీదకి నెట్టారు. నాకు రోషం వచ్చింది. నలభై ఒక్క కార్డులూ అప్పటి డైరెక్టరు ముందు పెట్టాను. ఆ మధ్యాహ్నమే ఆయన వెళ్లిపోయారు. గొడుగు, శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్క్ బల్ల మీదే వదిలేసి వెళ్లారు. గొడుగు ఎవరో పట్టుకుపోయారు. ఫోర్క్ నేనుంచుకున్నాను. పనికి పనే కదా, చేతకానప్పుడు దిగిపోవాలి అనుకున్నాను. నేను చేసింది తప్పని ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

గురువారం ఉదయం పదకొండింటికి వినే గదిలో డైరెక్టరుగారూ నేనూ కూర్చున్నాం. ఆయన చేతిలో స్టాప్‌వాచ్. తెరిచిన గాజు తలుపు అవతల టేపులమ్మ యంత్రం దగ్గర నిలబడింది. టేపు ఎక్కించి, మీట నొక్కింది.

చెల్లోలు వచ్చాయి. డి మేజర్. మార్పు లేదు. తర్వాత దూరంనుంచి ఒక్క హార్న్ బూర, పొడుగ్గా, పదమూడు మాత్రల పాటు. అదీ అర స్వరం పైన. గెలిచాననే సంతోషంతో నేను ఆ సంగీతం వినలేదు కూడా. కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాను. ఇంకాసేపట్లో టేపు ముప్పై ఎనిమిది సెకన్లు ముందే అయిపోతుంది, ఆవిడ బండారం బయటపడుతుంది.

ఆఖరి స్వరం ఆగిపోయింది. డైరెక్టరుగారు వాచ్ నొక్కి, కళ్లజోడు పైకి తోసుకుని చూశారు.

"పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు" అన్నారు. "పెట్టె మీద కూడా అంతే ఉంది."

అప్పుడు టేపులమ్మ ముందుకొచ్చింది.

"తప్పు నాదేనండి" అంది. "మొన్న వేగం తేడాగా ఉండింది. చెవిగారు అడిగాక చూసుకున్నాను. ఇవాళ పొద్దున సరిచేశాను. ఇప్పుడు బాగుంది."

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. "ఇప్పుడు సరిగ్గా ఉందా, చెవిగారూ?"

ఆ క్షణంలో నాకు ఒకటే సంగతి అర్థమైంది. ఆవిడ అబద్ధం చెబుతోంది. సరిచేయలేదు. నేను మంగళవారం విన్నదీ, ఇప్పుడు విన్నదీ ఒకటే. కానీ ఇదేం అబద్ధం? నా బతుకంతా అబద్ధాలు పసిగట్టడంలోనే గడిచింది. తప్పించుకోవడానికి ఆడేవి తెలుసు, ఇంకొకర్ని ఇరికించడానికి ఆడేవీ తెలుసు. చేయని తప్పు నెత్తిన వేసుకుని, రేపటి ఉద్యోగం పోగొట్టుకునే అబద్ధం ఎవరాడతారు?

చేయి దానంతటదే జేబులోకి వెళ్లింది. ఫోర్క్ తీసి మోకాలికి తాటించి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఫోర్క్ ఎప్పుడూ ఎ స్వరమే చెబుతుంది. ఇంకోటి చెప్పడం దానికి చేతకాదు. నాకు దానికి అర స్వరం పైనున్న బి ఫ్లాట్ వినిపించింది.

మొదట ఏమనుకున్నానో చెబితే నవ్వుతారు. ఫోర్క్ మార్చేశారనుకున్నాను. తిప్పి చూశాను. కాడ మీద పెద్దాయన చేతిలో పడిన నొక్కు అలాగే ఉంది. నా జేబులోనే అరిగిన అంచు అలాగే ఉంది. అది నా ఫోర్కే.

"రేపు పొద్దున చెబుతాను సార్" అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో పక్కగదిలో వినిపించింది.

డైరెక్టరుగారు వెళ్లాక గాజు తలుపు మూశాను.

"ఏం సరిచేశారు ఇవాళ?"

"వేగమండి."

"వద్దమ్మా. నాకు ఇప్పటికీ డి లోనే వినిపించింది. గడియారమేమో సరిగ్గా చెప్పింది. నా కార్డులు చెరిపింది మీరే కదా?"

ఆవిడ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడవసాగింది.

"మా నాన్న వయొలిన్ వాయించేవారండి" అంది. "మీకున్నట్టే ఉండేది ఆయనకి. వర్షం చినుకు రేకు మీద పడినా అదేం స్వరమో చెప్పేవారు. అరవై దగ్గరపడుతుండగా అన్నీ పైకి వినిపించడం మొదలైంది. అలా అవుతుందటండి, అలాంటి చెవి ఉన్నవాళ్లకే. మాలాంటివాళ్లకి తేడా తెలియదు. పక్కవాళ్లంతా తప్పు వాయిస్తున్నారని రోజూ తగాదా. ఆఖరికి డాక్టరు చెప్పాడు. చెప్పాక ఆయన వయొలిన్ పెట్టె మళ్లీ తెరవలేదు. మాతో కూడా పెద్దగా మాట్లాడలేదు."

"నాకెప్పటినుంచి?"

"రెండేళ్లు దాటిందండి. మొదట్లో అప్పుడప్పుడు. ఈ ఏడాది అన్నీ."

రెండేళ్లు. మా ఇంటి బెల్లు మారిన వయసు. బామ్మర్దిని ఎన్ని మాటలన్నాను!

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకునేదాన్ని. మా నాన్న గుర్తొచ్చేవారు." కళ్లద్దాలు పెట్టుకుంది. "కార్డు తప్పుంటే ప్రసారంలో తప్పు చదువుతారు. ఎవరు రాశారని అడుగుతారు. ఎర్ర సిరాతో దిద్దితే అందరికీ కనిపిస్తుంది. అందుకని రబ్బరు. మొన్న మీరు పెట్టెలు తీసి కాగితాలు చూస్తారేమోనని అల్మరాకి తాళం కూడా వేశాను. మీకింకా పద్నాలుగు నెలలే కదండీ సర్వీసు, నెట్టుకొచ్చేద్దామనుకున్నాను. ఈ టేపు మీకు కంఠతా వచ్చని తెలిస్తే మీదాకా రానిచ్చేదాన్నే కాదు."

"నేను మీ మీద కాగితం రాసిచ్చాను. తెలుసా?"

"తెలుసండి. టైపిస్టు చెప్పింది."

"తెలిసే తప్పు నాదే అన్నారా?"

"నాకేముందండి, ఇంకోచోట దొరుకుతుంది" అంది. ఆవిడ ఆ రోజు చెప్పిన రెండో అబద్ధం అది. అరవై మూడు కార్డుల మీద నా చేతిరాతని అంత శ్రద్ధగా ఎందుకు నేర్చుకుందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. మెట్లు దిగుతుంటే పెద్దాయన మాట చెవిలో పడింది. ఏవయ్యా, టేపు తొందరపడుతోంది చూడు.

వెనక్కి తిరిగి కార్డుల గదికి వెళ్లాను. పాత సొరుగులు అడుగున ఉంటాయి, నేలమీద కూర్చుంటే గానీ అందవు. ఇరవై ఏడేళ్ల దుమ్ము. ఆ నెల కార్డులు, ఆ నలభై ఒకటి, రబ్బరు బ్యాండు వేసి అలాగే ఉన్నాయి. బ్యాండు ముట్టుకోగానే తెగిపోయింది.

మొదటిది. పెన్సిల్‌తో ఇ మేజర్. దాని మీద నా ఎర్ర గీత. పక్కన నా రాత, ఇ ఫ్లాట్ మేజర్. రెండోది. ఎ మైనర్ కొట్టేసి జి షార్ప్ మైనర్. మూడోది, నాలుగోది. నలభై ఒక్క కార్డులూ చూశాను. ఒక్కదాంట్లో కూడా ఆయన శ్రద్ధ తప్పలేదు. ప్రతిసారీ సరిగ్గా అర స్వరం, అంతకి వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. శ్రద్ధ లేనివాడు అంత కచ్చితంగా తప్పు చేయగలడా? నలభై ఒక్కటీ ఒకే తప్పని చూడటానికి గొప్ప చెవి అక్కర్లేదు, కళ్లుంటే చాలు. నా కళ్లప్పుడు ఆయన కుర్చీ మీద ఉన్నాయి.

ముప్పై ఏడో కార్డు ఆ సింఫనీ రెండో భాగానిది. అప్పట్లో పాత టేపుని కొత్త టేపు మీదకి ఎక్కించారు, మళ్లీ కార్డు రాయాల్సి వచ్చింది. వేగం గడిలో ఆయన గుండ్రటి అక్షరాలు: చాలా నిదానం, పదకొండు ఇరవై. శ్రుతి గడిలో డి మేజర్, దాన్ని కొట్టేసి నేను రాసిన డి ఫ్లాట్. భావం గడిలో కూడా ఎర్ర గీత ఉంది. భావం దిద్దే అధికారం సరిచూసేవాడికి లేదు. ఆ రోజుల్లో నాకు అంత పొగరు. గీత కింద ఆయన రాసిన మాట స్పష్టంగా కనిపిస్తోంది.

పరాయి.

దాన్ని కొట్టేసి, "ప్రశాంతం" అని రాశాను. ముసలాయనకి మతి పోయింది, సంగీతానికి పరాయి ఏంటని నవ్వుకున్నట్టు కూడా లీలగా గుర్తు. తనకి ప్రాణమైన పాట తన గదిలోనే తనని గుర్తుపట్టకుండా వెళ్లిపోతుంటే, ఆయన అదొక్క మాటలో చెప్పారు. నాకు చెప్పారు. నేను ఎర్ర సిరా తీశాను.

ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది. కబురు వచ్చినరోజు నేను భోజనం చేసి, మధ్యాహ్నం నాలుగు కార్డులు రాశాను. ఇప్పుడు నేలమీద కూర్చుని ఏడ్చాను. ఏడుపులో కూడా ఆ గది ఫ్యాన్ అర స్వరం పైనే తిరుగుతోంది.

ఆ సాయంత్రం బెల్లు కొట్టకుండా తలుపు తట్టాను. మా ఆవిడ నా ముఖం చూసి టీ పెట్టింది. నేనే చెప్పాను. అంతా విని, "తమ్ముడికి ఫోన్ చేసి బెల్లు బాగుందని చెప్పండి ముందు" అంది. చేశాను. వాడు ఒక్కసారిగా భయపడిపోయి, "ఒంట్లో బాగానే ఉందా బావా?" అన్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికి డైరెక్టరుగారి బల్ల ముందు నిలబడ్డాను.

"నా కాగితం ఇచ్చేయండి సార్. టేపు బాగుంది. యంత్రం బాగుంది. పాడైంది నా చెవి."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "అదేంటి చెవిగారూ, ఆవిడే తప్పు తనదని ఒప్పుకుంది కదా."

"ఆవిడ నాకోసం అబద్ధం చెప్పింది. కార్డులు సరిచేసింది కూడా నాకోసమే. నేను తప్పు రాస్తే ఆవిడ ఒప్పు చేసింది, అరవై మూడుసార్లు. ఇంకా వెతికితే ఎక్కువే దొరుకుతాయి. ఇదంతా ఇందులో రాశాను." కొత్త కాగితం పెట్టాను. ఇది అరపేజీ కూడా లేదు. నిజం రాయడానికి చోటు తక్కువే పడుతుంది.

ఆయన చదివారు. కాంట్రాక్టు కాగితం దగ్గరికి లాక్కుని సంతకం చేశారు. తర్వాత కలం మూత పెడుతూ, "మరి కార్డులు ఎవరు రాస్తారు?" అన్నారు, నన్ను ఏమని పిలవాలో తెలియనట్టు కాస్త తడబడుతూ.

"శ్రుతి ఆవిడ రాస్తుంది సార్, పెట్టె చూసి, యంత్రం చూసి. వేగం గడియారం చెబుతుంది. మిగిలిన గడి ఒకటుంది. ఉంచితే అది నేను రాస్తాను. వద్దంటే వెళ్లిపోతాను."

"ఉండండి" అన్నారు ఆయన.

గదికి వెళ్లేసరికి టేపులమ్మ ఆ టేపునే ఎక్కించి ఉంచింది. కార్డు ఇంకా ఖాళీగానే ఉంది. నేను ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో గాజు తలుపుకి ఇవతల కూర్చుని వినడం అదే మొదటిసారి. ఆవిడ మీట నొక్కింది. చెల్లోలు వచ్చాయి, హార్న్ వచ్చింది. నాకు తెలిసిన ప్రతి స్వరమూ తన పక్కింట్లో నిలబడి వినిపించింది. ఇక ఎప్పటికీ అంతే. డి ఫ్లాట్‌లో ఆ పాట నాకు మళ్లీ వినిపించదు.

అయిపోయాక ఆవిడ స్టాప్‌వాచ్ చూసి వేగం రాసింది. శ్రుతి గడి దగ్గర పెన్సిల్ ఆపి నా వైపు చూసింది.

"రాయండి" అన్నాను. "మీ చేతిరాతతోనే రాయండి."

డి ఫ్లాట్ మేజర్ అని రాసి, కార్డు నా వైపు జరిపింది. పెన్సిల్ తీసుకున్నాను. నలభై ఏళ్లనాటి ఆ పాటకి నేనొకసారి పెట్టిన పేరు ఉంది, పెద్దాయన పెట్టిన పేరు ఉంది. నేను కొట్టేసిన మాటనే మూడో గడిలో రాశాను. అక్షరాలు నావే, మాట ఆయనది.

ఆవిడ చదివి, రబ్బరు తీసి సొరుగులో పెట్టేసింది.